డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

తెలుగువారి కీర్తిని వైద్యశాస్త్ర చరిత్రలో శాశ్వతంగా నిలిపిన మహనీయులలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు. మద్దికెర, ఆదోని ప్రాంతాల నుండి వైద్యవిద్యకు వెళ్ళదలచిన మా విద్యార్థుల కొరకు ఆయన జీవితాన్ని, దానితో ముడిపడిన ఒక నాడీవ్యాధి సంగతిని సంగ్రహంగా వివరిస్తున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి కృతార్థులైనారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఖద్దరు ధరించి శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహానికి గురియైనారు. తత్ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే తృప్తిపడవలసి వచ్చింది. స్ప్రూ అనే జీర్ణవ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. తానూ దాని వాతబడి, ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఆ వ్యాధిని జయించాలన్న పట్టుదలతో అమెరికాలోని బోస్టన్ చేరారు.

హార్వర్డులో ఫిస్కేగారితో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లను గుర్తించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది దివ్యౌషధమైంది.

అయితే పెర్నీషియస్ అనీమియా రోగులకు ఆ మందునే ఇచ్చినపుడు వైద్యులు విస్తుపోయారు. రక్తం బాగుపడుతున్నా వెన్నుపాము, నాడులు క్షీణించసాగాయి. వారిలో అసలు లోపం విటమిన్ బి12. అది 1948లో వేరుచేయబడింది. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏండ్ల వయస్సులో అమెరికాలో అస్తమించారు.

ఈ లోపాన్ని ఎట్లు గుర్తించాలి? పాదాలలో తిమ్మిరి, మొద్దుబారడం మొదట కానవస్తాయి. పిమ్మట చీకటిలో నడక తూలుతుంది. కన్నులు మూసుకున్న రోగికి తన కాలి బొటనవ్రేలు పైకి కదిలినదో క్రిందికి కదిలినదో తెలియదు. శ్రుతిదండం కంపనమూ కాలికి తెలియదు. అట్టివారికి కేవలం ఫోలిక్ ఆమ్లమిచ్చి ఊరకుండరాదు. బి12 పరీక్ష చేయించి, ఆలస్యం లేకుండా దాని ఇంజెక్షన్లు ఆరంభించాలి. జాగుచేస్తే నాడులకు కలిగిన హాని పూర్తిగా తీరకపోవచ్చు.

అదే ఫోలిక్ ఆమ్లాన్ని స్త్రీలు గర్భధారణకు ముందునుండే తీసుకుంటే, శిశువు మెదడు, వెన్నుపాములలో ఏర్పడే పుట్టుక లోపాలు చాలావరకు నివారింపబడతాయని 1991లో నిరూపితమైంది. ఒకచోట నాడులను కాపాడే మందు మరొకచోట వాటి వ్యాధిని మరుగుపరచగలదు. కనుక రక్తపరీక్ష కాగితంతో తృప్తిపడక రోగి పాదాలను కూడా పరీక్షించే వైద్యులు మన విద్యార్థులలో నుండి ఉద్భవించాలని మేము ఆకాంక్షిస్తున్నాము.