కోచ్ మారితే టీమ్ రాత మారుతుందా? హైదరాబాద్ స్కూల్ మాస్టారు రహీం కథ ఇదీ!

ఫుట్‌బాల్‌లో గెలిపించేది ఆటగాళ్లా, కోచా? కర్నూలు, కడప కాలేజీ గ్రౌండ్లలోనూ మ్యాచ్ పోయిన ప్రతిసారీ ఈ వాదన మామూలే. అది తేలాలంటే సయ్యద్ అబ్దుల్ రహీం గురించి తెలుసుకోవాల్సిందే. 2024లో అజయ్ దేవగణ్ హీరోగా వచ్చిన 'మైదాన్' సినిమా ఈయన జీవితమే.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ టీమ్‌కు ఆడారు. కానీ ఇల్లు గడిచింది మాత్రం బడిపంతులు ఉద్యోగంతోనే. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి స్కూల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు.

అసలు కథ హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌తో మొదలైంది. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తానే. పేరున్న క్లబ్బులన్నీ అక్కడే. అలాంటి టైమ్‌లో రహీం తయారుచేసిన పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు కొట్టింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది.

ఇందులో మంత్రమేమీ లేదు. కుడికాలితో ఆడే కుర్రాడు ఎడమకాలితోనే తన్నాలని రూల్ పెట్టి ఆడించేవారు. డ్రిబ్లింగ్ చేయకూడదంటూ విడిగా టోర్నీలే పెట్టారు. బంతిని కాళ్ల దగ్గర ఉంచుకోవడం కుదరదు కాబట్టి, పాస్ ఎవరికివ్వాలో అది రాకముందే చూసుకోవాలి. గమనించారా? దీనికి టర్ఫ్ అక్కర్లేదు, ఖరీదైన కిట్లు అక్కర్లేదు. మట్టి గ్రౌండ్, ఒక బంతి, పట్టు వదలని మాస్టారు ఉంటే చాలు.

ఇండియా టీమ్ కోచ్‌గా 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ తెచ్చారు. ఫైనల్లో ఇరాన్‌పై 1-0. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తు! మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. కోచ్ ఎంత గొప్పోడైనా చలిలో తడి గ్రౌండ్ మీద ఒట్టికాళ్లతో నెగ్గించలేడు కదా. ఆ దెబ్బతో ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు మారింది. సరిగ్గా నెలకు, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా 4-2తో ఆస్ట్రేలియాను ఓడించి సెమీస్ చేరింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. టీమ్‌లో హైదరాబాదీలు చాలామందే. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియానే ఎదురైంది. ఈసారి స్కోరు 4-1. ఓటమే, కానీ 10-1కి, దీనికి మధ్య గడిచింది నాలుగేళ్లే.

ఇక 1962 జకార్తా. క్యాన్సర్ రహీంను తినేస్తున్న రోజులవి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే పక్కన కూర్చోబెట్టేవాడేమో. రహీం అతన్ని ఫార్వర్డ్‌గా దింపారు! స్టేడియం నిండా జనం ఇండియాకు వ్యతిరేకంగా అరుస్తుండగా, సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియాతోనే మ్యాచ్. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో గోల్డ్ మనదే.

ఆ తర్వాత రహీం ఎన్నాళ్లో బతకలేదు. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆయన కొడుకు ఎస్.ఎస్. హకీం కూడా ఫుట్‌బాలరే, 1960 రోమ్ ఒలింపిక్స్ టీమ్‌లో ఉన్నారు.

రహీం పోయాక ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకు వచ్చిన పతకం ఒక్కటే. 1970లో బ్రాంజ్. గోల్డ్ మాత్రం ఇప్పటిదాకా మళ్లీ రాలేదు.