బందరు నోబులు దొరగారి బడి

బందరు నోబులు కళాశాల పేరు విననివారు మన సంఘములలో తక్కువ. ఆ పేరుగల మనుష్యుడెవరో ఎరిగినవారు మరియు తక్కువ. బిడ్డను మిషను బడికి పంపుదుమా మానుదుమా అని మన రామన్నపేటవంటి ఊళ్లలో తలిదండ్రులు నేటికిని తర్కించుకొనుచున్నారు. ఫీజు ఎంత, ఇంగ్లీషు వచ్చునా, పంతుళ్లు భయభక్తులు నేర్పుదురా, బైబిలు చెప్పి పిల్లవాని మనస్సు మార్చుదురా అని విచారింతురు. ప్రియులారా, ఇవి క్రొత్త ప్రశ్నలు కావు. నూట ఎనుబది ఏండ్ల క్రిందటనే బందరు వీధులలో జనులు వీనిని అడిగిరి. వానికి తన బ్రదుకుతో జవాబు చెప్పవలసివచ్చినవాడు రాబర్టు టర్లింగ్టన్ నోబులు పాదిరిగారు.

ఆయన 1809లో ఇంగ్లాండు దేశమందలి లెస్టరుషైరులో ఒక పాదిరిగారి యింట పుట్టెను. కేంబ్రిడ్జిలో చదివి గురుపట్టము పొందెను. చర్చి మిషనరీ సొసైటీవారి పక్షముగా 1841లో హెన్రీ ఫాక్సుగారితోకూడ బందరు చేరెను. తెలుగు దేశములో ఆ సొసైటీవారి సేవ వీరిద్దరితోనే మొదలైనది. ఫాక్సుగారు ఊరూర తిరిగి సువార్త చెప్పెడివారు. నోబులుగారి మనస్సు మాత్రము బడి మీద ఉండెను. రెండేండ్లు ఓపికతో తెలుగు నేర్చుకొని, 1843 నవంబరు నెలలో బడి తెరచెను. మొదట చేరిన పిల్లలు ఇద్దరే.

ఇద్దరితో మొదలైన బడి త్వరలోనే నిండెను. ఇది బైబిలు మీది ఆశచేత జరిగినదని అనుకొనవద్దు. ఆనాడు కుంపిణీవారి కచ్చేరీలలో ఉద్యోగము కావలెనన్న ఇంగ్లీషు కావలెను. అది చక్కగా చెప్పు బడి ఆ ప్రాంతమున దొరకుట అరుదు. కనుక బ్రాహ్మణులును, వెలమలును, తక్కిన పెద్ద కులములవారును తమ కుమారులను పంపిరి. బైబిలు పాఠము దినదినము ఉండునని వారు ఎరుగుదురు. నోబులుగారు దానిని దాచలేదు. చెవిని పడిన మాట చెవిలోనే ఉండిపోవునులే, చదువు మాత్రము చేతికి వచ్చునులే అని తలిదండ్రులు తలంచిరి కాబోలు. నేడు మన బడులకు పిల్లలను పంపు హిందూ సోదరులలోను ఆ లెక్క వేసికొనువారు లేకపోలేదు.

ఫాక్సుగారు 1848లో స్వదేశమున మరణించిరి. ఆయన చిన్ననాడు చదివినది రగ్బీ అను ఊరిలోని పేరుపొందిన బడిలో. ఆయన జ్ఞాపకార్థముగా ఆ బడివారు ద్రవ్యము కూర్చి, బందరు బడిలో ఒక ఉపాధ్యాయుని పోషించుటకు ఏర్పాటు చేసిరి. తాము చదివిన బడిని తలంచుకొని, కంటితో చూడని మరియొక దేశపు బడిని ఆదుకొనిన ఆ విద్యార్థులను మన సంఘ బడులలో చదివి పట్టణములకు వెళ్లిన యౌవనులు ఒకమారు ధ్యానింతురుగాక.

1852లో వేసికొన్న లెక్క తప్పినది. మంచాల రత్నము అను బ్రాహ్మణ యువకుడును, అయినాల భూషణము అను వెలమ యువకుడును క్రీస్తును రక్షకునిగా ఒప్పుకొని, ఇండ్లు విడిచి పాదిరిగారి యొద్దకు వచ్చిరి. ఊరంతయు అల్లకల్లోలమైనది. బంధువులు వచ్చి బ్రతిమాలిరి, ఏడ్చిరి, బెదరించిరి. ఆ పిల్లలు కదలలేదు. బాప్తిస్మము పొందిరి. బడి ఒక్కసారిగా ఖాళీ అయినది. బెంచీలున్నవి, పంతుళ్లున్నారు, చదువుకొను పిల్లలు లేరు.

ఇచ్చట కొంచెము ఆగవలెను. మన ప్రసంగములలో ఆ యువకుల ధైర్యమును పొగడుదుము గాని ఆ తల్లుల దుఃఖమును తలంచము. కొడుకు బ్రదికియుండగానే కులమునకు చచ్చినవానితో సమానమైనప్పుడు ఆ యింట పొయ్యి రాజునా? మత్తయి సువార్త పదియవ అధ్యాయములో మన ప్రభువు తండ్రికిని కుమారునికిని కలుగు ఎడబాటును గూర్చి ముందుగానే చెప్పియున్నాడు. ఆ వచనములను చదువుట తేలిక. ఆ యింటి గడపమీద కూర్చుండి చదువుట వేరు. ఆ తలిదండ్రులు పాదిరిగారిని మోసగాడని తలంచియుందురు. నా మట్టుకు నాకు ఆయన మోసగాడుగా కనబడడు. తాను చెప్పునది ఏదో మొదటి దినమునుండి బహిరంగముగనే చెప్పెను.

ఆశ్చర్యమైన సంగతి ఏమనగా పిల్లలు తిరిగి వచ్చిరి. కొందరు త్వరగా, కొందరు ఆలస్యముగా వచ్చిరి. తరువాతి యేండ్లలో ఇంకను కొందరు విద్యార్థులు బాప్తిస్మము పొందిరి. వారిలో జానీ అలీ అను మహమ్మదీయ యువకుడు కేంబ్రిడ్జివరకు వెళ్లి చదివి, తిరిగి మన దేశమునకే మిషనరీగా వచ్చెను. అట్టి ప్రతి సమయమునను ఊరు కలవరపడెడిది, మరల బడి నిండెడిది. ఉద్యోగపు ఆశ ఒక కారణము. నోబులుగారి నడత మరియొకటి. ఆయన బందరు చేరినది మొదలు చనిపోవువరకు, ఇరువది నాలుగేండ్లు, ఒక్కమారైనను సెలవు పుచ్చుకొని స్వదేశమునకు పోలేదు. అట్టివానిని తప్పుపట్టుట శత్రువులకైనను కష్టమే.

అయినను ఆయనయందు ఒక లోపమును మనము దాచరాదు. ముఖ్యముగా మన సంఘములవారము దాచరాదు. మాల మాదిగల పిల్లలకును, పాకీపని చేయువారి పిల్లలకును ఆయన బడిలో చోటు లేదు. పెద్ద కులములవారిని ముందుగా గెలువవలెననియు, అందరిని ఒక గదిలో కూర్చుండబెట్టినయెడల వారు రానే రారనియు ఆయన ఆలోచన. తన దేశములోను దొరల బిడ్డలను నౌకర్ల బిడ్డలతో కలిపి కూర్చుండబెట్టరని ఆయన సమాధానము. యాకోబు పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి మంచి స్థలము, మురికిబట్టలవానికి పాదపీఠమునొద్ద చోటు ఇచ్చిన సమాజమును గూర్చి వ్రాయబడియున్నది. ఇచ్చట పాదపీఠమునొద్ద చోటైనను లేకపోయెను. ఆ పిల్లల తలిదండ్రుల అభిప్రాయమును ఎవరును అడుగలేదు.

దేవుని పని మాత్రము ఆ బడి గోడలలో ఆగలేదు. కృష్ణా మండలములోని రాఘవాపురములో పగోలు వెంకయ్య అను మాల పెద్ద సత్యదేవుని వెదకుచు, డార్లింగు పాదిరిగారిని కనుగొని, 1859లో తనవారితోకూడ బాప్తిస్మము పొందెను. ఆయన నోబులు బడి గడప తొక్కినవాడు కాడు. చర్చి మిషను వారి పల్లెటూరి సంఘములకు ఆయనవంటివారే పునాదిరాళ్లైరి. నల్లగొండ ప్రాంతములోని మన సంఘములు తరువాత బాప్టిస్టు మిషనరీల చేతిమీదుగా కట్టబడినను, అవియు ఇట్టి పేదల యిండ్లలోనుండియే లేచినవి.

1864లో రత్నమును భూషణమును గురుపట్టము పొందిరి. ఆ సంవత్సరమే నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము పొంగి బందరుమీద పడెను. ఇంచుమించు 30,000 మంది చనిపోయిరని లెక్క. మిషను కుటుంబములోను అనేకులు కొట్టుకొనిపోయిరి. మరుసటి సంవత్సరము 1865 అక్టోబరులో నోబులుగారు బందరులోనే కన్నుమూసిరి. అప్పటికి ఆయన వయస్సు 56 ఏండ్లు. బడి బాధ్యత జాన్ షార్పుగారి మీద పడినది. క్రమముగా అది కళాశాలయై, ఆయన పేరుతోనే నిలిచెను.

పాత విద్యార్థుల అభిప్రాయమేమని అడిగినయెడల ఒక్క మాటతో తేలదు. పాదిరులైనవారు కొందరే. మునసబులు, తాసీల్దారులు, వకీళ్లు, పంతుళ్లు అయినవారు అనేకులు. తరువాతి కాలమున బ్రహ్మసమాజికుడైన రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు ఆ కళాశాలలో బోధించిరి. పట్టాభి సీతారామయ్యగారును, ముట్నూరి కృష్ణారావుగారును అచ్చట ఆయన శిష్యులు. వీరు మరికొందరితో కలిసి 1910లో అదే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. పాదిరుల చదువు చాలదని, స్వదేశపు చదువును చేతిపనులును కావలెనని వారి కోరిక. బైబిలు పాఠము చెప్పు బడిలో ఇంగ్లీషు నేర్చినవారే ఆ బడికి ఎదురుగా తమ బడి కట్టుకొనిరి.