ముక్కుతాళ్ళు తెంచిన ముప్పై ఏళ్ళు

నోరులేని జీవాల పక్షాన నడుం కట్టి నిలిచిన వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థకు 2025తో ముప్పై ఏళ్ళు నిండాయి. 1995లో ఢిల్లీలోని ఒక చిన్న గ్యారేజీలో, గుప్పెడుమంది సంకల్పబలంతో మొదలైన ఆ సేవ ఇవాళ ఎలుగులకు, ఏనుగులకు, చిరుతలకు, చివరికి ఇళ్ళలో దూరిన పాములకు కూడా అభయహస్తమైంది. ఈ శుభవేళ వ్యవస్థాపకులు కార్తీక్ సత్యనారాయణ్, గీతా శేషమణి గార్లకు, వారి వెంట నడిచిన పశువైద్యులకు, సంరక్షకులకు, మావటులకు జంతుప్రేమికులైన తెలుగువారందరి తరఫున హృదయపూర్వక అభినందనలు.

ఈ సంస్థ తలకెత్తుకున్న మొదటి పని ఎంత పెద్దదో మన ఊళ్ళలో పెరిగినవారికి వేరే చెప్పక్కర్లేదు. ఎలుగుబంటిని ఆడించేవాడు వీధిలోకి వస్తే ఊరంతా పోగయ్యేది. పిల్లల్ని దాని వీపు మీద ఎక్కిస్తే పిరికితనం పోతుందని తల్లులు డబ్బులిచ్చి మరీ ఎక్కించేవారు. దాని వెంట్రుక తాయెత్తులో కట్టి మెడలో వేసేవారు. ఆ ఆట వెనకున్న కథ మాత్రం ఎవరికీ పట్టేది కాదు. తల్లిని చంపి పిల్లను ఎత్తుకొచ్చేవారు. మత్తుమందైనా ఇవ్వకుండా ఎర్రగా కాల్చిన ఇనుప సూదితో మూతిని తొలిచి, ఆ పుండులోంచి తాడు లాగేవారు. పళ్ళు ఊడగొట్టేవారు, గోళ్ళు కత్తిరించేవారు. మనం నాట్యమనుకున్న గంతు, తాడు గుంజినప్పుడల్లా పుట్టే నొప్పికి ఆ జీవం వేసిన గంతు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చినా ఈ ఆట ఆగలేదు. ఎలుగును పట్టుకుపోతే దాన్ని ఉంచడానికి చోటు లేదు, ఆడించేవాడికి మరో బతుకుతెరువు లేదు. ఈ రెండు ముళ్ళూ కలిపి విప్పితేనే తాడు తెగుతుందని గ్రహించడంలోనే ఈ సంస్థ గొప్పతనమంతా ఉంది. ఢిల్లీలో దిక్కులేని కుక్కలకు, పిల్లులకు ఆశ్రయమిచ్చే ఫ్రెండికోస్‌లో అప్పటికే చేయి తిరిగిన గీత గారు, అడవి జీవాలే ప్రాణమైన కార్తీక్ గారు ముందుగా ఎలుగులను ఆడించే కలందర్ల బస్తీలకు వెళ్ళి వాళ్ళ బతుకులు తెలుసుకున్నారు. మొఘలుల కాలం నుంచీ ఎలుగులను ఆడించడమే కులవృత్తిగా బతికిన ఆ కుటుంబాలను నేరస్తులుగా చూడలేదు. ఎలుగును అప్పగించి, మళ్ళీ ఆ వృత్తి జోలికి పోమని రాసిచ్చినవారికి చిన్న వ్యాపారాలకు పెట్టుబడి సమకూర్చారు. ఆడవాళ్ళకు చేతిపనులు నేర్పించారు, పిల్లలను బడిలో వేశారు.

2002లో ఆగ్రా దగ్గర కీఠం సరస్సు ఒడ్డున వెలసిన కేంద్రానికి తొలి ఎలుగులు చేరుకున్నాయి. ఆ తర్వాత బెంగళూరు పక్కన బన్నేరుఘట్టలో, భోపాల్ వనవిహార్‌లో, పశ్చిమ బెంగాల్‌లోని పురులియాలో కేంద్రాలు వెలిశాయి. అటవీశాఖలు అండగా నిలిచాయి, విదేశీ జంతుసంక్షేమ సంస్థలు చేయూతనిచ్చాయి. ఆరువందలకు పైగా ఎలుగులకు ముక్కుతాడు తెగింది. 2009 డిసెంబరులో కర్ణాటకలో రాజు అనే ఎలుగును అప్పగించడంతో, శతాబ్దాల నాటి ఆ ఆటకు మన దేశ వీధుల్లో తెర పడింది. జాంబవంతుణ్ణి కొలిచే జాతికి పట్టిన మచ్చను కడిగిన ఘనత ఈ సంస్థదే.

తాడు తెంచడం ఒక్క పూట పని. ఆ తర్వాతి పోషణ ఇరవై ఏళ్ళ వ్రతం. పళ్ళూ గోళ్ళూ పోయిన ఎలుగు అడవిలో చెదలు తవ్వుకుని బతకలేదు. కొన్నిటికి చూపు లేదు, కొన్నిటికి క్షయ అంటుకుంది. అందుకే వాటికి జీవితాంతం జావ కాచి పోయాలి, పండ్లు కోసి పెట్టాలి, పుండ్లు కడగాలి, తేనె పూసిన దుంగలిచ్చి తిండి వెతుక్కునే నేర్పును గుర్తుచేయాలి. ఏ పత్రికా రాయని, ఏ కెమెరా తీయని ఈ దినచర్యను ఏళ్ళ తరబడి తప్పకుండా నడిపిన సంరక్షకులదే ఈ పండుగలో అగ్రతాంబూలం.

ఎలుగుల బాధ తీర్చిన చేతులు ఏనుగుల సంకెళ్ళ మీదికి మళ్ళాయి. 2010లో మథుర దగ్గర యమునా తీరంలో ఏనుగుల సంరక్షణ కేంద్రం మొదలైంది. యాభై ఏళ్ళు ముళ్ళ సంకెళ్ళలో మగ్గిన రాజు అనే ఏనుగు 2014 జూలైలో స్వేచ్ఛగా అడుగు వేసిన రోజు ప్రపంచమంతా సంబరపడింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక సర్కస్ నుంచి వెళ్ళిన సూజీ అనే ఏనుగుకు రెండు కళ్ళూ కనిపించేవి కావు, నమలడానికి పళ్ళూ ఉండేవి కావు. ఆ ముసలి ఏనుగుకు పండ్లు మెత్తగా చేసి పెట్టి కన్నతల్లిలా సాకిన ఆ కేంద్రానికి తెలుగునేల రుణపడి ఉంది. 2018లో అక్కడే ఏనుగుల కోసం ప్రత్యేకంగా ఆసుపత్రి తెరిచారు. ఎక్స్‌రే, లేజర్ చికిత్స, కాళ్ళనొప్పులకు నీటి వైద్యం అన్నీ ఇప్పుడు గజరాజుల గడపలోకి వచ్చాయి. మహారాష్ట్రలో జున్నర్ దగ్గరి మాణిక్‌డోహ్‌లో బావుల్లో పడిన, ఉచ్చుల్లో చిక్కిన చిరుతలకు కూడా ఈ సంస్థ సేవ అందింది.

ముప్పై ఏళ్ళంటే సంస్థకు నిండు యవ్వనం. ఈ జీవకారుణ్యం దినదిన ప్రవర్ధమానమై వర్ధిల్లాలి. ఈ సేవకు చేతులు కలిపేవారు వేలుగా, లక్షలుగా పెరగాలి. సంకెళ్ళలో ఉన్న చివరి ఏనుగుకూ విముక్తి దొరకాలి. ఎలుగుల విషయంలో చేసి చూపినవారు ఏనుగుల విషయంలోనూ చేసి తీరుతారని మా గట్టి నమ్మకం.

ఉత్త మాటల దీవెన కన్నా చేతల దీవెన మేలు. ఏనుగు అంబారీ ఎక్కడానికి, అడవి జంతువుతో ఫొటో దిగడానికి రూపాయి కూడా ఇవ్వబోమని ఇవాళే ఇంటిల్లిపాదీ అనుకుందాం. గాయపడిన వన్యప్రాణి కనిపిస్తే అటవీశాఖకు కబురు పెడదాం. ఈ సంస్థకు తెలుగువారు ఇవ్వదగిన పుట్టినరోజు కానుక అదే.