తల్లుల మాట విన్న కంటి డాక్టరు సర్ నార్మన్ గ్రెగ్

మన వయసులో కళ్లకు శుక్లాలు రావడం సహజం. మన సభ్యుల్లో చాలామంది ఆపరేషన్ చేయించుకున్నవారే. కాని పురిటిబిడ్డ కళ్లలోనే శుక్లాలుంటే? అందుకు ఒక ముఖ్య కారణాన్ని కనిపెట్టిన వైద్యుడు సర్ నార్మన్ గ్రెగ్.

ఆయన 1892లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో జన్మించారు. 1915లో వైద్య పట్టా పొందారు. క్రికెట్, టెన్నిస్ రెండింటిలోనూ తమ రాష్ట్రం తరఫున ఆడారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేసి మిలిటరీ క్రాస్ పతకం అందుకున్నారు. తర్వాత కంటి వైద్యంలో స్థిరపడ్డారు.

1941లో ఆయన వద్దకు కంటిపాపలు తెల్లబడిన పసిపిల్లలు వరుసగా రాసాగారు. వంశంలో ఉన్న లోపమని సరిపెట్టుకోక, ఇంతమందికి ఒకేసారి ఎందుకు వచ్చిందా అని ఆయన ఆలోచించారు. గర్భం దాల్చిన తొలి నెలల్లో తమకు రుబెల్లా సోకిందని తల్లులు చెప్పగా శ్రద్ధగా విన్నారు. రుబెల్లా మన తట్టు వంటి జబ్బే. కొద్దిపాటి జ్వరం, ఒంటిపై దద్దుర్లు వచ్చి మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. 1940లో అది ఆ దేశమంతటా వ్యాపించింది.

తోటి వైద్యుల నుంచి కూడా వివరాలు సేకరించగా, 78 మంది పిల్లల్లో 68 మంది తల్లులకు గర్భవతిగా ఉన్నప్పుడు ఆ జబ్బు వచ్చినట్లు తేలింది. చాలామంది పిల్లలకు గుండె లోపం కూడా ఉంది. 1941 అక్టోబరులో ఆయన ఈ సంగతి వైద్యుల సభలో వెల్లడించారు. లండన్‌లోని ప్రసిద్ధ వైద్య పత్రిక ఒకటి 1944లో కూడా ఇది రుజువు కాలేదనే రాసింది. తదుపరి పరిశోధనలు ఆయన చెప్పిందే నిజమని నిరూపించాయి. పుట్టు చెవుడు కూడా దీనివల్ల వస్తుందని తెలిసింది. 1953లో సర్ బిరుదు పొందిన గ్రెగ్ 1966లో కన్నుమూశారు. రుబెల్లా టీకా 1969లో వచ్చింది. దానిని చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది.

మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో 2017 ఆగస్టులో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం పెద్దయెత్తున జరిగింది. ఇప్పుడు పిల్లలకు తొమ్మిది నెలలు నిండాక ఒకటి, పదహారు నెలలు దాటాక మరొకటి వేస్తారు. గర్భిణులకు ఈ టీకా వేయరాదు. కనుక చిన్ననాడే వేయించాలి. నేటి మనుమరాలే రేపటి తల్లి.

పసిబిడ్డ కంటిపాప తెల్లగా కనిపించినా, పాలు తాగేటప్పుడు ఆయాసపడినా, చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా ఆలస్యం చేయక పిల్లల డాక్టరుకు చూపించండి. కోడలో కూతురో బిడ్డ విషయమై ఏదైనా అనుమానం చెబితే, పెద్దవాళ్లం కదా అని కొట్టిపారేయకండి. గ్రెగ్ గారి జీవితం మనకు నేర్పేది ఇదే.