మా ఊరి ఫిడేలు నాయుడు గారు

విజయనగరం అనగానే చాలామందికి కోట, పైడితల్లమ్మ సిరిమాను గుర్తొస్తాయి. నాకైతే ముందు ఫిడేలే గుర్తొస్తుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1964లోనే పోయారు. అయినా మా వైపు పెద్దవాళ్ళు నిన్నగాక మొన్న కనబడ్డ నేస్తంలా ఆయన్ని తలుచుకుంటుంటే, నాకూ పాత స్నేహితుడే అనిపిస్తారు.

1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. చూపు తక్కువ కావడంతో బడి చదువు సాగలేదు. అన్నగారే ఫిడేలు చేతికిచ్చి నేర్పారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారని తెలిసి, విద్యార్థిగా చేరదామని వచ్చారు. ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాలుగా ఉన్న రోజులవి. నాయుడు గారి వాయింపు విన్న పెద్దలు ఆయన్ని ఏకంగా ఆచార్యుడిగా చేర్చుకున్నారు! అప్పటికి ముప్పయ్యేళ్ళు కూడా నిండలేదు. 1936లో అదే కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు.

ఆ రోజుల్లో ఫిడేలంటే గాయకుడి పక్కన సాగే వాద్యం. దానితోనే నిండు కచేరీ చేసి జనాన్ని కూర్చోబెట్టారు నాయుడు గారు. లేబొరేటరీలో సోనోమీటరు తీగ పౌనఃపున్యం నేనూ లెక్కగట్టగలను. తీగ మనిషి గొంతులా పలకడానికి మాత్రం ఆ లెక్క చాలదు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాయి.

విత్తనాన్ని సంచీ మీది అచ్చు చూసి కాదు, మొలకెత్తించి చూసి ఎంచాలంటాడు రైతైన మా నాన్న. ఆనాటి పెద్దలు చేసిందదే. మార్కుల జాబితాలు పట్టుకు తిరిగే మనం, మన మధ్యకు అలాంటి మనిషొస్తే గుర్తుపట్టగలమా?