మీ మందుల చీటీలో ఉన్న సుబ్బారావు

ప్రభుత్వ ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ ముందు మీరు ఎప్పుడో ఒకప్పుడు వరుసలో నిలబడే ఉంటారు. చిట్యాలలాంటి ఊళ్లో, హైదరాబాద్-విజయవాడ రహదారి పక్కన, ఏ సోమవారం పొద్దునైనా ఆ వరుసను ఒక్కసారి గమనించండి. ముందున్న ఆమెకు అయిదో నెల. రక్తం తక్కువుందని ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాశాం. ఆమె వెనక వేళ్ల కీళ్లు వాచిన పెద్దమ్మ. పెద్దాసుపత్రిలో మొదలుపెట్టిన మెథోట్రెక్సేట్‌ను వారానికోసారి వేసుకుంటోంది. తర్వాత వారం రోజులుగా జ్వరం తగ్గని కుర్రవాడు, అతని చీటీలో డాక్సీసైక్లిన్ ఉంది. చివర్లో గోడకు ఆనుకున్న పెద్దాయన కాలు మోకాలి కిందంతా బోద. ఆయనకు డీఈసీ.

నలుగురివీ నాలుగు జబ్బులు, నాలుగు చీటీలు. ఆ నాలుగు మందుల మూలాలు వెతుక్కుంటూ పోతే మాత్రం ఒకే ప్రయోగశాల, ఒకే పేరు దగ్గరికి చేరతాం. ఆ పేరు యల్లాప్రగడ సుబ్బారావు. చదువుకునే రోజుల్లో ఈయన పేరు ఒకటి రెండుసార్లు వినీ వదిలేసినవాడిని నేను. ఇరవై ఏళ్ల ప్రాక్టీసు తర్వాత, రోజూ నేను రాసే చీటీల్లో ఆయన ఎంతగా ఉన్నారో తెలిసింది. అది మీకూ చెప్పాలనిపించింది.

మూడోసారికి గట్టెక్కిన మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో డబ్బుకు ఇబ్బందే. పదమూడేళ్ల వయసులో చదువు వదిలేసి, కాశీకి వచ్చే యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరితే వెనక్కి పట్టుకొచ్చారు. తల్లి పట్టుబట్టి మళ్లీ బడికి పంపింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మీ ఇంట్లో పదో తరగతి తప్పిన పిల్లలుంటే ఈ సంగతి వాళ్లకు చెప్పండి.

తర్వాత మద్రాసు వైద్య కళాశాల. అప్పుడే గాంధీ పిలుపుతో విదేశీ బట్టల బహిష్కరణ మొదలైంది. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు తొడుక్కుని వెళ్లారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది గిట్టలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకు తక్కువైన ఎల్ఎంఎస్. మద్రాసు ప్రభుత్వ వైద్య సేవలో చేరాలని ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పుకుంటూ గడిపారు.

ఆ ఇంటి మీద మరో దెబ్బ పడింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక, విరేచనాలతో మనిషి ఎండిపోయే జబ్బది. అప్పటికి దానికి మందు లేదు. ఆ చావులు సుబ్బారావును జీవితాంతం వెంటాడాయి.

అమెరికా వెళ్లి ఉష్ణమండల వ్యాధుల గురించి చదవాలనుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మిగతాది మామగారు సమకూర్చారు. భార్య శేషగిరిని ఇంటి దగ్గర వదిలి, 1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు. మళ్లీ మన దేశానికి రాలేదు. ఇక్కడ పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు.

రాత్రి కూలి, పగలు పరిశోధన

బోస్టన్‌లో ఆయన మద్రాసు పట్టాతో వైద్యం చేయడానికి వీల్లేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి పూట రోగుల మలమూత్రాలు ఎత్తే పనికి కుదిరారు. పగలు హార్వర్డ్‌లో చదువు. అక్కడే సైరస్ ఫిస్కే అనే జీవరసాయన శాస్త్రవేత్త దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని వైద్య విద్యార్థులు ఇప్పటికీ చదువుకునేది అదే.

ఆ కొలత చేతిలో ఉండబట్టే తర్వాతి సంగతులు బయటపడ్డాయి. కండరం పనిచేసేటప్పుడు ఖర్చయ్యే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, జీవకణాలన్నిటికీ శక్తినిచ్చే ఏటీపీని 1929లో వాళ్లు గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. మీరు ఈ పేజీ తిప్పడానికి వేలు కదిపినా ఖర్చయ్యేది ఆ ఏటీపీయే.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలకు వెళ్లారు. కొన్నాళ్లకే పరిశోధన మొత్తానికి పెద్ద అయ్యారు. మన వరుసలోని ఆ నాలుగు చీటీల కథ అక్కడే మొదలవుతుంది.

మిల్లు కూలీల రక్తహీనత

ముందు గర్భిణి మాత్ర సంగతి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు తీవ్రమైన రక్తహీనత ఎందుకొస్తోందో వెతికారు. వాళ్ల తిండిలో ఏదో లోటుందని, చవగ్గా దొరికే ఈస్టు సారం పెడితే నయమవుతోందని తేల్చారు. ఆ సారంలో ఏముందో మాత్రం తెలియలేదు. ఏళ్ల తర్వాత అదే ఫోలిక్ యాసిడ్ అని తేలింది. దాన్ని కాలేయం నుంచి, ఆకుకూరల నుంచి పిండితే వచ్చేది చిటికెడు. అంత కొంచెంతో ఎందరికి వైద్యం చేయగలరు? 1945లో సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ధర దిగింది, మాత్ర అయింది, ఊరూరికీ చేరింది.

ఆ ఫోలిక్ యాసిడ్‌ను వైద్యులు తొలినాళ్లలోనే వాడి చూసిన జబ్బుల్లో స్ప్రూ ఒకటి. రోగులు కోలుకున్నారు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ల తర్వాత, వాళ్ల జబ్బుకు పనికొచ్చే మందు ఆయన చేతిమీదుగానే వచ్చింది.

పిల్లల క్యాన్సర్ నుంచి కీళ్లవాతానికి

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా వేగంగా పెరిగినట్టు కనబడింది. అయితే దానికి విరుగుడు ఇస్తే జబ్బు ఆగాలి కదా అన్న ఆలోచన వచ్చింది. సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌ను అందించింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. అంతవరకు ఆ జబ్బు వచ్చిన పిల్లలను కాపాడే మందంటూ లేదు. క్యాన్సర్‌ను మందుతో లొంగదీయవచ్చని నమ్మకం కలిగించిన తొలి విజయాల్లో అదొకటి. అమినోప్టెరిన్‌కు తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఇవాళ మన పెద్దమ్మ కీళ్లవాతానికి చిన్న మోతాదులో వారానికోసారి వేసుకుంటున్నది అదే.

డాక్సీసైక్లిన్ మూలం మట్టిలో ఉంది. డెబ్బై దాటిన వృక్షశాస్త్ర ఆచార్యుడు బెంజమిన్ డగ్గర్‌ను లెడర్లీ చేర్చుకుంది. ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి పరీక్షించిన ఆయనకు మిస్సోరీ పొలం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. దాని నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే పెద్ద. డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోని తర్వాతి తరం.

యుద్ధం అడిగిన మాత్ర

ఇక బోదకాలు. మన పల్లెల్లో తరతరాలుగా ఉన్న జబ్బే. కానీ దానికి మందు కావాలని ప్రపంచం తొందరపడింది మన పల్లెల కోసం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేలాదిగా ఫైలేరియా బారిన పడ్డారు. అప్పుడు సైన్యానికి మందు కావాల్సి వచ్చింది. లెడర్లీలో రెజినాల్డ్ హెవిట్, తోటివాళ్లు ఫైలేరియా పురుగులున్న ఎలుకల మీద వందల రసాయనాలు పరీక్షించారు. 1947లో ఒకటి తేలింది. దాన్ని హెట్రజాన్ అన్నారు. అదే డీఈసీ.

ఇందులో మనం తెలుసుకోవాల్సింది ఉంది. శాస్త్రం తనంతట తాను ఏ జబ్బునూ ఎంచుకోదు. ఎవరికి మందు కావాలో, దానికి డబ్బు ఎవరు పెడతారో సమాజమే తేలుస్తుంది. ఖద్దరు తొడుక్కున్నందుకు ఒక దేశం ఆయనకు సరైన పట్టా ఇవ్వలేదు. ఆయన పనిని వాడుకున్న మరో దేశంలో 1946లో చట్టం మారేదాకా భారతీయులకు పౌరసత్వం అందేదే కాదు. చట్టం మారాక కూడా ఆయన ఆ దేశ పౌరుడు కాలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో గుండె ఆగి చనిపోయారు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఒక బూజు జాతికి శాస్త్రజ్ఞులు సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు.

చిట్యాలలో ఒక రాత్రి

నల్లగొండ ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఒకటి. ఆ పురుగు పిల్లలు రాత్రి పూటే రక్తంలోకి ఎక్కువగా వస్తాయి, దాన్ని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే కాబట్టి. అందుకే మేం రక్తం తీయడానికి రాత్రి ఎనిమిది దాటాక బయలుదేరతాం. అలాంటి ఒక రాత్రి చిట్యాలలో ఒక ఇంటికి వెళ్లాం. ఎనిమిది మంది ఉన్న ఇల్లు. అంతకు కొన్ని నెలల ముందే మాత్రలు పంచారు. ఆశా కార్యకర్త అడిగితే అందరం మింగామన్నారు. ఇంతలో మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లిన కోడలు దేవుడి పటం పక్కన ఉన్న డబ్బా తెచ్చి చూపింది. ఎనిమిది మంది మాత్రలూ అందులోనే ఉన్నాయి.

ఎందుకు మింగలేదని ఆశా అడిగింది. తనకేం జబ్బు లేదని, లేని రోగానికి మందెందుకు బిడ్డా అని ఆ ఇంటి అవ్వ అంది. పక్కింటాయనకు మింగిన రోజు జ్వరమొచ్చిందని కూడా చెప్పింది. అవ్వ మాటల్లో తప్పేమీ లేదు. ఈ రెండు సంగతులూ ఆమెకు ముందే చెప్పాల్సింది మేమే. చెప్పకుండా మాత్రలు చేతిలో పెట్టి పోవడం మా పొరపాటు. ఆ రాత్రి అరుగు మీద కూర్చుని చెప్పినవే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

బోద వచ్చాక డీఈసీ ఆ వాపును తీసేయలేదు. ఆ మందు అసలు పని జబ్బు బయటపడక ముందే. పురుగు ఒంట్లో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉంటుంది. బయటికి ఏ బాధా లేని మనిషి రక్తం నుంచే దోమ దాన్ని పక్కింటి పిల్లవాడికి మోస్తుంది. ఊళ్లో అందరిలో కనీసం 65 శాతం మంది, వరసగా అయిదేళ్లకు తగ్గకుండా మింగితే దోమకు మోయడానికి పురుగు దొరకదు. జ్వరం, తలనొప్పి సాధారణంగా ఒంట్లో పురుగులు చావడం వల్ల వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి.

ఇంకో విచిత్రం వినండి. గాజు పళ్లెంలో ఉంచిన పురుగు పిల్లల మీద డీఈసీ పోస్తే వాటికి పెద్దగా ఏమీ కాదు. మనిషి ఒంట్లో మాత్రం చస్తాయి. మందు వాటిని ఒంటికి పట్టిస్తుంది, చంపేది మన రోగనిరోధక శక్తే. ఊరి విషయంలోనూ అంతే. సుబ్బారావు ఇచ్చింది మాత్ర మాత్రమే. మింగాల్సింది మనం. డబ్బాలో ఉన్న మాత్ర ఎంత గొప్పవాడు కనిపెట్టినా ఎవరినీ కాపాడదు.

ఆ రాత్రి అవ్వ అన్నీ విని, అన్నం తిన్నాక ముందు తనే మింగుతానంది. మర్నాడు ఆశా ఎదురుగా ఉండి అందరితో మింగించింది.

గుర్తుంచుకోండి

• ఫైలేరియా మాత్రలు అన్నం తిన్నాక, సిబ్బంది ఎదురుగానే మింగండి. రెండేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారు వేసుకోకూడదు.

• బోదకాలు ఉన్నవారు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు కూడా పొడిగా తుడవండి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోండి. చెప్పులు లేకుండా నడవొద్దు. కాలు ఎర్రబడి జ్వరమొస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

• ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు గర్భిణిగా 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలి. మలం నల్లగా వస్తే భయపడి ఆపొద్దు.

• కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఏ వారం వేసుకోవాలో చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి. గర్భిణులకు ఇది పనికిరాదు. చెప్పిన రక్త పరీక్షలు మానొద్దు.

• డాక్సీసైక్లిన్ ఎక్కువ నీళ్లతో మింగి, వెంటనే పడుకోవద్దు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపొద్దు. మిగిలినవి దాచి ఇంకొకరికి ఇవ్వొద్దు.

ఈసారి మందుల కిటికీ దగ్గర మాత్రలు చేతికొచ్చినప్పుడు, ఎందుకో, ఎన్నాళ్లో, ఎలా వేసుకోవాలో అడిగి తెలుసుకోండి. అడగడం మీ హక్కు, చెప్పడం మా పని.