అలెగ్జాండర్ లివింగ్‌స్టన్
అలెగ్జాండర్ లివింగ్‌స్టన్ (1821 - 1898) అమెరికాకు చెందిన విత్తన వ్యాపారి, టమాటా వంగడాల రూపకర్త. ఇతడు ఒహైయో రాష్ట్రంలోని రేనాల్డ్స్‌బర్గ్‌లో జన్మించాడు. ఆనాటి టమాటాలు ఎక్కువగా గాడులు పడి, లోపల బోలుగా ఉండేవి. ఇతడు మొదట ఏటేటా మేలైన కాయలను ఏరి విత్తనానికి ఉంచేవాడు. అయినా మరుసటి పంటలో పాత లోపాలే కనిపించేవి. కాయ ఎంత పెద్దదైనా దాని గింజలలో ఉండేది తల్లి మొక్క వారసత్వమే. అందువలన ఇతడు కాయను విడిచి మొక్కను ఎంపిక చేయసాగాడు.

కాయలన్నీ చిన్నవైనా నునుపుగా, ఒకే తీరుగా ఉన్న ఒక మొక్కను పొలంలో గుర్తించి, దాని విత్తనాలను వేరుగా నాటాడు. ఆ గుణం సంతతిలో నిలిచింది. సుమారు అయిదేళ్ళ ఎంపికతో కాయల పరిమాణం, కండ పెరిగాయి. ఈ పారగాన్ వంగడం 1870లో విడుదలైంది. 1893లో తన అనుభవాలను గ్రంథంగా ప్రచురించాడు. మెండెల్ అనువంశిక సూత్రాలు తిరిగి వెలుగులోకి వచ్చినది 1900లో, ఇతడు మరణించిన రెండేళ్ళకు.